ఖంగుమనని ఫిల్టరు

ఎనిమిదో నంబరు ఫిల్టరు కనిపించడం లేదని నాకు ఉత్తరం వచ్చింది ఒక బుధవారం. మా ఆయన చనిపోయిన పదహారో రోజు అది. నేను బడికి తిరిగి వెళ్లిన మొదటి రోజు కూడా.

ఉత్తరంలో ఇలా ఉంది: "తమరు నమూనా సంఖ్య ఎనిమిదిగా సమర్పించిన పొగ గొట్టపు వడపోత పరికరము ప్రస్తుతము అలభ్య స్థితిలో ఉన్నదని తెలియజేయుటకు సంతోషించుచున్నాము. అలభ్యత కారణముగా నమూనా నాణ్యతపై ఎట్టి వ్యతిరేకాభిప్రాయమూ ఏర్పరచుకొనబడలేదు. తదుపరి విచారణ నిమిత్తము తమరు సదరు అలభ్య నమూనాతో సహా హాజరు కావలెను."

నేను పదో తరగతి వరకు భౌతికశాస్త్రం చెబుతాను. ఏ వాక్యాన్నయినా రెండుసార్లు చదవడం అలవాటు. దీన్ని మూడుసార్లు చదివాను.

మాది పింగాణీ బట్టీల ఊరు. కప్పులు, సాసర్లు, ఊరగాయ జాడీలు ఇక్కణ్నుంచే పోతాయి. మా ఆయన కోదండపాణి ఒక బట్టీలో ముప్పై ఒక్క ఏళ్లు మేస్త్రీగా పనిచేశారు. చివరి రెండేళ్లు ఆయాసంతో పనికి పోలేక, ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న బట్టీ ఒకటి కట్టుకుని ఒకే ఒక వస్తువు చేస్తూ వచ్చారు. మా బడి బస్సు పొగ గొట్టానికి ఫిల్టరు.

అది రెండో నంబరు బస్సు. మస్తానయ్య నడుపుతాడు. దాని పొగ సగం రోడ్డు మీదికి, సగం బస్సులోకి వస్తుంది. వెనక వరసలో కూర్చునే పిల్లలు ముక్కుకు రుమాళ్లు కట్టుకుంటారు. దిగాక ఆ రుమాళ్లు జేబులో పెట్టుకుని మరిచిపోతారు. అలా ఒక రుమాలు మా ఇంట్లో ట్యూషన్‌కు వచ్చిన పిల్ల దగ్గర జారిపడితే, మా ఆయన తీసి చూశారు. తెల్లటి గుడ్డ మీద ముక్కు ఆకారంలో నల్లటి మచ్చ. డాక్టరు ఆయన ఊపిరితిత్తుల ఫొటో తీసి ఆయనకే చూపించి అప్పటికి వారమైంది.

మామూలు పింగాణీ సంగతి అందరికీ తెలుసు. కప్పు కిందపడితే పగులు ఈ చివర మొదలై ఆ చివర తేలుతుంది. మధ్యలో ఆగదు. మా ఆయన పింగాణీని సన్నటి పీచుగా చేసి, ఆ పీచును తడిగా ఉన్నప్పుడే పరుపులా నొక్కి, కాల్చేవారు. చేతిలోకి తీసుకుంటే గిజిగాడి గూడంత తేలిగ్గా ఉండేది. లోపలంతా ఖాళీలు. పొగ ఆ ఖాళీల్లోంచి బయటికి పోతుంది, మసి పీచుకు అంటుకుంటుంది.

"ఇన్ని బొక్కలుంటే విరిగిపోదా?" అని అడిగాను.

"మట్టిగోడలో వరిగడ్డి ఎందుకు కలపతారు టీచరమ్మా?" అన్నారు. ఇంట్లో కూడా నన్ను అలాగే పిలిచేవారు. "పగులు పరిగెత్తాలంటే దారి కావాల. దీంట్లో అడుగడుక్కీ గుంటే. గుంటలో పడతాది, ఆగతాది. మళ్లీ లేవాలంటే ఇంకో పీచు తెంపాల. అన్నిటినీ తెంపేంత ఓపిక పగులుకి ఉండదు."

అది ఆయన నమ్మకం. రుజువు కాదు, ఆ తేడా ఆయనకు తెలుసు. మొదటి ఏడూ ఒక్కోటీ ఒక్కో రకంగా చెడిపోయాయి. ఎనిమిది, తొమ్మిది మాత్రం ఒకే రోజు, ఒకే పీచుతో, ఒకే మంటలో కాల్చినవి. వాటిని నా చేతికిచ్చి ఆయన చెప్పింది ఇది.

"ఎనిమిదిని విరగ్గొట్టి చూడాల. ఫట్టుమని రెండైందా, తొమ్మిదిని పారెయ్. బతిమాలించుకుని, మెల్లిమెల్లిగా విరిగిందా, తొమ్మిదిని బండికి పెట్టించు. చూడకుండా మాత్రం పిల్లల బండికి పెట్టొద్దు. పొడి రాలిందంటే మసికి బదులు పింగాణీ పీల్పించినట్టవతాది. నాకు తెలుసు గదా అదెట్టుంటాదో."

ధ్రువపత్రం లేని ఫిల్టరు బిగిస్తే బండి ఆపేస్తారు. కాబట్టి ఎనిమిదిని విరగ్గొట్టే పని ధూమ వడపోత పరికరాల ధ్రువీకరణ కేంద్రానికి అప్పజెప్పాను. తొమ్మిదిని ఆయన పాత పంచెలో చుట్టి షెడ్డులో పెట్టాను. ఆయన అడిగినప్పుడల్లా "వాళ్లు చూస్తున్నారు" అని చెప్పాను. మూడు నెలలు అలా చెప్పాను.

కేంద్రం ఊరికి ఆరు కిలోమీటర్లు. సూపరింటెండెంటు పెంచలయ్య నా ఉత్తరం చూసి లేచి నిలబడ్డాడు. మర్యాదస్తుడు.

"అలభ్య నమూనా తెచ్చినారా అమ్మా?"

"అది మీ దగ్గరే గదా పోయింది?"

"పోయిందని మేం రాయలా గదమ్మా. లేదని రాసినాం. పోయిందంటే బాధ్యులుండాల. లేదంటే ఎవురూ ఉండబళ్లేదు."

విరుపు పరీక్ష చేసే యంత్రం హాలు మధ్యలో నీలం పట్టా కప్పుకుని ఉంది. పట్టా మీద దసరా నాటి కుంకుమ బొట్టు ఎండిపోయి ఉంది. ఇది పనిచేయడం లేదా అని అడిగాను.

"దానికేం, బంగారంలా పనిచేస్తాది. అదే తప్పయిపోయింది," అన్నాడు పెంచలయ్య, గొంతు తగ్గించి. "రెండేళ్ల కిందట తనిఖీకొచ్చినారు. మూడొందల పన్నెండు నమూనాలు మంచివి లోపలికొచ్చినాయి, మూడొందల పన్నెండూ విరిగినవే బయట ఉండాయి, సర్కారు ఆఫీసులో ఇంత విధ్వంసం ఏందని అడిగినారు. ఇది విరుపు పరీక్ష, విరిస్తేనే పరీక్ష అన్నాం. పరీక్షించమన్నాం గానీ విరవమన్నామా అన్నారు. దానికేం చెప్పాలమ్మా?"

"ఏం చెప్పారు?"

"ఒక్కో ముక్కకీ ఒక్కో ఫైలు తెరిచినాం. ఎవురు విరిచినారు, ఎందుకు విరిచినారు, ఇకమీదట విరక్కుండా ఏం జాగ్రత్తలు తీసుకుంటారు. అదిగో ఆ ఇనప బీరువా నిండా అవే."

అందుకని కేంద్రానికి ఏమీ విరగని విరుపు పరీక్ష ఒకటి అవసరమైంది. అది కనిపెట్టినవారు డైరెక్టరు డాక్టర్ సర్వోత్తమరావు గారు. ఆయన గదిలోకి నన్ను పంపారు. బల్ల మీద చిన్న మట్టికుండ బోర్లించి ఉంది.

"కూర్చోండి. మీరు ఉపాధ్యాయులు కనుక ఒక ప్రశ్న అడుగుతాను. మన అవ్వలు సంతలో కుండ కొనేటప్పుడు ఏం చేసేవారు?"

"వేలితో కొట్టి చూసేవారు."

"ఖంగుమంటే?"

"కొనేవారు."

"బొదబొదమంటే వదిలేసేవారు. పగలగొట్టి చూసి కొన్న అవ్వ మన చరిత్రలో ఒక్కతె అయినా ఉందా?"

లేదని ఒప్పుకున్నాను.

"ఆ విజ్ఞానాన్ని మేము సంస్థాగతం చేశాము. శబ్దమే ప్రమాణం. రాజధాని నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది." ఆయన కుండను కణుపుతో కొట్టారు. అది ఖంగుమంది. ఆయన కళ్లు మూసుకున్నారు.

"సార్, కుండకు అది సరిపోతుంది. మా ఆయన చేసింది పీచుతో. నిండా ఖాళీలే. అది ఎంత బాగున్నా ఖంగుమనదు. దూది పరుపును కొడితే మోగదు. పరుపు విరగదు కూడా."

ఆయన కళ్లు తెరిచి, ఎంతో దయగా చెప్పారు. "అమ్మా, మీది ఉపమానం. మాది ప్రమాణం."

నమూనా దొరకగానే కబురు చేస్తామని, ఈలోగా ప్రమాణాన్ని మరింత మెరుగుపరుస్తామని మాట ఇచ్చారు. ఆ రెండో మాట నిలబెట్టుకున్నారు.

మొదట వేలి సమస్య వచ్చింది. ముగ్గురు సభ్యుల సంఘంలో ఒక్కొక్కరి వేలు ఒక్కో రకంగా మోగించింది. లావు వేలికి పాసైన ఫిల్టరు సన్న వేలికి తప్పేది. నాలుగు సమావేశాల తర్వాత అటెండరు సుబ్బరాయుడి కుడిచేతి నడిమివేలి రెండో కణుపును ప్రామాణిక కణుపుగా ప్రకటించారు. ఆ వేలికి అరుగుదల రాకుండా సుబ్బరాయుడు చెంచాతో అన్నం తినాలని మెమో ఇచ్చారు. అతను చెల్లెలి కూతురి పెళ్లికి నాలుగు రోజులు సెలవు అడిగితే, సెలవు వ్యక్తికి వర్తించును గాని కణుపుకు వర్తించదు అని రాసి తిప్పి పంపారు. సుబ్బరాయుడు పెళ్లికి పోలేదు. పెళ్లివారే వచ్చి, కేంద్రం గేటు దగ్గర అతనికి లడ్డూలు ఇచ్చి పోయారు. ఎడమ చేత్తో తీసుకున్నాడని వాళ్లకు కోపం వచ్చిందట.

తర్వాత చెవి సమస్య. ఒక సభ్యుడికి ఖంగుమని వినిపించింది ఇంకొకరికి ణంగుమని వినిపించేది. దీనికి శ్రుతి తెలిసిన నిపుణులు కావాలని కేంద్రం రాసింది. మా బడి సంగీతం టీచరు ఇందుమతి గారిని డెప్యుటేషన్ మీద పంపారు. మా పిల్లలకు ఆ ఏడాది సంగీతం పీరియడ్లన్నీ లెక్కలకు ఇచ్చేశారు.

మొదటి వారం చివర ఇందుమతి గారు స్టాఫ్ రూముకు వచ్చి మంచినీళ్లు తాగి కూర్చున్నారు.

"ముప్పై నాలుగు ఫిల్టర్లు విన్నానండీ కామాక్షి గారూ. ఒక్కటి బ్రహ్మాండంగా మోగింది. మొదటి శ్రేణి వచ్చింది దానికి."

"ఎవరు చేశారు?"

"అది ఫిల్టరు కాదు. టీ సాసరు. ఎవరో తాగి బల్ల మీద వదిలేశారు."

"మీరు చెప్పలేదా?"

"చెప్పాను. శ్రుతి నిపుణురాలు శ్రుతి గురించి మాత్రమే అభిప్రాయం ఇవ్వాలన్నారు. వస్తువు ఏమిటో నిర్ణయించడానికి వేరే సంఘం ఉందట. అది ఇంకా ఏర్పాటు కాలేదు."

మా ఎనిమిదో నంబరు ఎక్కడన్నా కనిపించిందా అని అడిగాను. కనిపించలేదన్నారు. "మేస్త్రీ గారు ఒకసారి నా తంబురా బుర్ర పగిలితే పీచూ జిగురూ పెట్టి అతికించారు, గుర్తుందా? ఇప్పటికీ ఊడలేదు," అన్నారు. గుర్తుందన్నాను.

ఫిల్టర్లు చేసేవాళ్లు తెలివైనవాళ్లు. ఏది పాసవుతుందో రెండు నెలల్లో కనిపెట్టారు. ఖాళీలు తగ్గేకొద్దీ మోత పెరుగుతుంది. ముందు కొద్దిగా తగ్గించారు. తర్వాత సగం పూడ్చారు. చివరికి ఒక కంపెనీ లోపల గాలికి కూడా చోటు లేకుండా, పైన మెరుగు పూసి, పాలరాయిలాంటి ఫిల్టరు తయారు చేసింది. సుబ్బరాయుడు కొడితే ఆ మోత గేటు దగ్గర కాపలావాడికి వినిపించింది. దానికి "విశిష్ట శ్రేణి" అని కొత్త శ్రేణి ఒకటి సృష్టించారు.

నమూనా ఎనిమిది అలభ్యత వలన కలిగిన అసౌకర్యానికి గాను, విశిష్ట శ్రేణి ఫిల్టరు ఒకటి కేంద్రం మా బడికి ఉచితంగా ఇచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి రెండో నంబరు బస్సుకు బిగించి, ఎవరూ విప్పకుండా సీసపు ముద్ర వేసి, ఫొటో తీసుకుని పోయారు.

బస్సు బడి గేటు దాటి రైసుమిల్లు దాకా పోయింది. అక్కడ ఆగింది. మస్తానయ్య దిగి గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. నాకు ఫోను చేశాడు.

"టీచరమ్మా, బండి ముక్కు మూసి పరిగెత్తమంటే ఎట్టమ్మా పరిగెత్తేది?"

"విప్పెయ్."

"ముద్ర ఉండాది గదా. విప్పితే నేను లోపలికి, బండి బయటికి."

పిల్లలు ఆ రోజు నడిచి ఇళ్లకు పోయారు. తర్వాత ఎనిమిది రోజులు కూడా నడిచారు. నాలుగో రోజు కేంద్రం నుంచి ఒక బృందం పొగ కొలిచే మీటరుతో రైసుమిల్లు దగ్గరకు వచ్చింది. ఆగి ఉన్న బస్సు గొట్టంలో మీటరు పెట్టారు. సున్నా వచ్చింది. మళ్లీ పెట్టారు. మళ్లీ సున్నా.

"కదలని బండికి పొగెందుకొస్తాది సార్?" అని మస్తానయ్య అడిగాడట.

"ఎందుకు రాలేదన్నది నీకు అనవసరం. రాలేదా, లేదా?" అన్నాడట బృందం నాయకుడు.

"రాలేదు."

"సంతకం పెట్టు."

పెట్టాడు. విశిష్ట శ్రేణి ఫిల్టరు బిగించిన వాహనాల్లో పొగ నూటికి నూరు పాళ్లు తగ్గినట్టు నివేదిక వచ్చింది. ఆ నివేదిక అట్ట మీద మా బస్సు ఫొటో ఉంది. బస్సు పక్కన రైసుమిల్లు కుక్క ఒకటి నీడకు పడుకుని ఉంది.

పదో రోజు మస్తానయ్యకు విసుగొచ్చి ఇంజను స్టార్ట్ చేసి గట్టిగా రేజ్ చేశాడు. గొట్టంలో ఠప్పుమంది. విశిష్ట శ్రేణి ఈ చివర నుంచి ఆ చివరకు రెండైంది. ముక్కలు గొట్టంలోంచి రోడ్డు మీద పడ్డాయి. బయట వేసిన ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. కేంద్రానికి రాస్తే, ముద్ర క్షేమంగా ఉన్నందున లోపలి పరికరము కూడా క్షేమమేనని భావించవలెనని జవాబు వచ్చింది. బస్సు కదిలింది. పిల్లలు మళ్లీ రుమాళ్లు కట్టుకున్నారు.

అప్పుడే కేంద్రం పదేళ్ల పండగ వచ్చింది. సర్వోత్తమరావు గారు తమ ప్రమాణం గొప్పతనం లోకానికి వినిపించాలనుకున్నారు. చూపించాలని అనలేదు, వినిపించాలనే అన్నారు. జలతరంగానికి పింగాణీ గిన్నెలు పేర్చినట్టు పద్దెనిమిది విశిష్ట శ్రేణి ఫిల్టర్లను అర్ధచంద్రాకారంలో పేర్చి కచేరీ ఏర్పాటు చేశారు. నెల్లూరు నుంచి పిలిచిన జలతరంగం విద్వాంసుడు వచ్చి, చూసి, బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు. ఇందుమతి గారు డెప్యుటేషన్ మీద ఉన్నారు కాబట్టి కాదనలేక వెదురుపుల్లలు పట్టుకున్నారు.

నేను రెండో వరసలో కూర్చున్నాను. మా ఎనిమిదో నంబరు సంగతి అడగడానికి ఆ రోజు అందరూ ఒకేచోట దొరుకుతారని పోయాను. నిజం చెప్పాలంటే కచేరీ బాగుంది. అంత మంచి సంగీతం వాహన విడిభాగాల్లోంచి రావడం నేను వినలేదు. పల్లవి అయింది. చరణంలో పైస్థాయికి పోయేచోట ఇందుమతి గారు పదకొండో ఫిల్టరును కాస్త గట్టిగా తాకారు. ఒక సన్నటి చప్పుడు. పదకొండోది నిలువునా రెండై, చెరో పక్కకు ఒరిగింది.

డైరెక్టరు గారు లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టారు.

"గమనించారా," అన్నారు మైకు తీసుకుని, "చివరి క్షణం వరకు శ్రుతి తప్పలేదు. పగిలేటప్పుడు కూడా మధురంగా పగలడం విశిష్ట శ్రేణి లక్షణం. నాసిరకం వస్తువైతే ఏ చప్పుడూ చేయకుండా లోలోపల చీలి, ఎవరికీ తెలియనివ్వకుండా ఇంకా పనిచేస్తూనే ఉండేది."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఆయన తిట్టినది మా ఆయన చేసిన వస్తువును, ఆ తిట్టులో ఒక్క మాట కూడా తప్పు లేదు.

పగిలింది కాబట్టి పెంచలయ్య ఫైలు తెరవాలి. కాఫీల దగ్గర నిలబడ్డ నన్ను చూసి, "రాండమ్మా, ఈ ముక్క ఒకటి పట్టుకోండి," అన్నాడు. ఇద్దరం చెరో ముక్క పట్టుకుని హాల్లో ఇనప బీరువా దగ్గరకు పోయాం. అతను తాళం తీసి ఫైళ్లు జరుపుతుంటే నేను కిందకు చూశాను. నేల అక్కడ కాస్త కుంగి ఉంది. బీరువా ముందరి ఎడమ కాలు కింద, పీచు పీచుగా, తెల్లగా ఒక పలక ఉంది. దాని అంచున అగ్గిపుల్లతో గీసిన ఎనిమిది అంకె ఉంది. అంకె కింది కొస మా ఆయన ఎప్పుడూ రాసేలాగే కాస్త పొడుగ్గా లాగి ఉంది.

నేను వంగి చూస్తున్నానని పెంచలయ్య చూశాడు. చేతిలో ఫైలును మళ్లీ అరలో పెట్టేశాడు.

"ఎత్తు సరిపోయిందమ్మా," అన్నాడు.

"అలభ్యం అని రాశారు గదా."

"ఎట్టా చెప్పాలమ్మా. మొదటి రోజునే సుబ్బరాయుడు దీన్ని కొట్టినాడు, అప్పటికింకా వాడి కణుపు ప్రమాణం కాలేదులే. ఏం వినబళ్లా. ఇంకోసారి కొట్టినాడు. ఊహూ. రిజిస్టరులో శబ్దం గడిలో ఏం రాయాల? వినపడందాన్ని రాయలేం గదా. ఖాళీగా వదిలినా. ఆ గడి ఖాళీగా ఉంటే నమూనా రాలేదని లెక్క. రానిదాన్ని అరలో ఎట్టా పెట్టేది? అరలో ఉండేవన్నీ వచ్చినవై ఉండాల. మూణ్నాలుగు రోజులు నా బల్ల కింద పెట్టుకున్యా. ఈ బీరువా ఊగతా ఉంటే..."

హాజరు పిలిచినప్పుడు గొంతు వినిపించని పిల్లకు నేనూ గైరుహాజరు వేసిన రోజులున్నాయి. అందుకని అతన్ని ఏమీ అనలేదు. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. మూడు వందల పన్నెండు విరిగిన వస్తువుల ఫైళ్లను ఆ బీరువాతో సహా అది ఏడు నెలలుగా మోస్తోంది. మూలన ఒక వెంట్రుకంత పగులు మొదలైంది. రెండు వేళ్ల వెడల్పు దూరం వచ్చి, అక్కడ ఆగిపోయింది.

తీసుకుపోతానన్నాను. డైరెక్టరు గారి దగ్గరకు పోవాల్సి వచ్చింది. ఆయన ప్రసన్నంగా ఉన్నారు.

"అది ప్రస్తుతం కార్యాలయ వినియోగంలో ఉన్న ఆసరా. ప్రత్యామ్నాయ ఆసరా చూపితే విడుదల చేయడానికి మాకు అభ్యంతరం లేదు. మేము మనుషులమే గదా."

మర్నాడు గుడ్డసంచిలో ఒక ఇటుక పట్టుకుపోయాను. షెడ్డులో మా ఆయన బట్టీ కట్టగా మిగిలినది కాదు, బయట కొన్నదే. పెంచలయ్య ఇటుకను బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ సుబ్బరాయుణ్ని పిలిచాడు. సుబ్బరాయుడు కొట్టాడు. ఇటుక ఖంగుమంది. పెంచలయ్య రిజిస్టరులో "మొదటి శ్రేణి" అని రాసి, రాశాక తల పట్టుకుని, కొట్టేయకుండా అలాగే వదిలేశాడు. నలుగురు బీరువా ఎత్తారు. ఎనిమిది బయటికి వచ్చింది, ఇటుక లోపలికి పోయింది.

గేటు పాసు మీద వస్తువు వివరాల దగ్గర ఇలా రాసి ఉంది: "ఫిల్టరుగా గుర్తింపునకు నోచుకొనని పీచు వస్తువు, ఒకటి."

మూడో రోజు పెంచలయ్య ఫోను చేశాడు. "ఇటిక పగిలిందమ్మా. నిలువునా. మీకేం ఇబ్బంది లేదు, ఫైలు తెరిచినాం. ఉత్తినే చెప్దామని చేసినా." ఆ తర్వాత, "మేస్త్రీ మంచి పనోడమ్మా," అని పెట్టేశాడు.

గేటు పాసును మస్తానయ్యకు చూపించాను. అతను ఏడో తరగతి వరకే చదివాడు. కానీ ఆ వాక్యాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నాడు.

"టీచరమ్మా, ఇది ఫిల్టరు కాదని వాళ్లే రాసిచ్చినారు గదా."

"అవును."

"ధ్రువపత్రం లేని ఫిల్టరు బిగిస్తే తప్పు. ఫిల్టరు కానిదాన్ని బిగిస్తే ఎవురడగతారు? తొమ్మిదో నంబరు కూడా దీని తోడబుట్టిందే గదా. అదీ ఫిల్టరు కాదు. ఇయ్యాల పెట్టమంటే ఇయ్యాల పెడతా."

"ముందు ఎనిమిదిని విరగ్గొట్టి చూడాలి. ఆయన చెప్పారు."

"బీరువానే మోసింది గదమ్మా ఇది."

"ఆ బీరువా బరువెంతో ఎవరూ తూచలేదు. అది మోసింది నిలకడగా ఉన్న బరువు. నీ బండి అదురుతుంది. ఇది ఎప్పుడు విరుగుతుందో మనకు తెలియాలి, విరిగినప్పుడు ఎలా విరుగుతుందో తెలియాలి."

అతను తలూపాడు. తన బండి వెనక వరస సంగతి అతనికి నేను చెప్పనక్కర్లేదు.

దీనికి కేంద్రం అక్కర్లేదు. నీలం పట్టా కప్పిన యంత్రం అక్కర్లేదు. మా బడి ప్రయోగశాలలో రెండు చెక్క దిమ్మెలున్నాయి, ఒక కొక్కెం ఉంది, అరకిలో తూకాలు పద్దెనిమిది ఉన్నాయి. దిమ్మెల మీద పలకను వంతెనలా పెట్టి, నడుమ కొక్కేనికి ఒక్కో తూకం తగిలిస్తూ, ఎన్నో తూకానికి పగులు కదిలిందో, ఎన్నో తూకానికి ఆగిందో రాసుకోవాలి. ఒక పీరియడ్ పని. ఈ పని నేను మొదటి రోజే చేయగలిగి ఉండేదాన్ని. ఆయన మంచం మీద అడుగుతున్న మూడు నెలల్లో ఏ రోజైనా చేసి, ఇదిగో ఇలా విరిగింది అని చెప్పగలిగి ఉండేదాన్ని.

శనివారం మధ్యాహ్నం బడి వదిలాక అన్నీ అమర్చాను. మస్తానయ్య తూకాలు అందించడానికి నిలబడ్డాడు. పలకను దిమ్మెల మీద సరిచేస్తుంటే, కింది అంచున ఒకచోట పీచు లోపలికి అణిగి ఉండటం చేతికి తగిలింది. తడిగా ఉన్నప్పుడు పడ్డ బొటనవేలి గుర్తు. నా బొటనవేలి కంటే పెద్దది.

"మొదటిది ఇవ్వనా అమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"ఉండు," అన్నాను. "ముందు ఒకసారి కొట్టి చూద్దాం."

ఆ మాట అన్నది నేనే. మస్తానయ్య నా ముఖం చూసి తల దించుకున్నాడు. నేను నడిమివేలి కణుపుతో పలకను కొట్టాను. చప్పుడు రాలేదు. రాదని నాకు తెలుసు. ఇంకోసారి కొట్టాను.

"సోమవారం చేద్దాంలే అమ్మా," అన్నాడు మస్తానయ్య. తూకాలు ఒక్కొక్కటే పెట్టెలో సర్దాడు.

అది జరిగి ఐదు సోమవారాలు అయ్యాయి. కేంద్రం వాళ్లు ఎందుకు విరగ్గొట్టలేదో ఇంతసేపు చెప్పాను. పలక ప్రయోగశాల బీరువాలో పై అరలో ఉంది. తాళం నా దగ్గరే ఉంది.

రెండో నంబరు బస్సు వెనక వరసలో పిల్లలు ఇంకా రుమాళ్లు కట్టుకునే వస్తున్నారు. తొమ్మిదో నంబరు పంచెలోనే ఉంది. ఎనిమిదో నంబరును నేను ఇంకా విరగ్గొట్టలేదు.